రొట్టెల గోడ దగ్గర అరగంట

ఉదయం 8.20. మొదటి చోటు: సింహాల మెట్లు

ఇది రికార్డు కాదు. రికార్డు నా ఒళ్ళోనే ఉంది. నల్ల అట్ట, నాలుగు చోట్లకు నాలుగు పేజీలు. అన్నీ నిన్న రైల్లోనే నిండిపోయాయి. గౌరీశ్వరి అక్క నిరుడు ఇదే తెర్నా నగరానికి వచ్చి రాసిన రికార్డును అక్షరం పొల్లు పోకుండా ఎక్కించేశాను. మా కాలేజీలో కెమిస్ట్రీ రికార్డు ఎలా రాస్తామో, ఇదీ అలాగే. సీనియర్ దగ్గర తీసుకోవడం, జూనియర్‌కి ఇవ్వడం. ఇందులో తప్పేముందని ఎవరూ అడగరు. అడిగితే వాణ్ణే వింతగా చూస్తారు.

మరి ఈ నోట్‌బుక్ ఎందుకంటే, సాక్షిగా వచ్చిన విద్యార్థి అరగంటసేపు ఆ చోటుకు ఎదురుగా కూర్చుని చేత్తో రాస్తూ కనబడాలి. చేయి కదలకపోతే ఆ చోటును కనిపెట్టుకుని ఉండే కాపరి రికార్డు మీద ముద్ర వేయడు. అందుకని కదిలిస్తున్నాను.

ఈ దేశం వాళ్ళు యంత్రం దాచిపెట్టిందేదీ నమ్మరు. ఫొటో చూపిస్తే నవ్వుతారు. పాత యుద్ధంలో జరిగిన ముట్టడి తర్వాత వచ్చిన దొంగబొమ్మల ఏళ్ళలో, పుట్టని మనుషులు ఫొటోల్లోకి వచ్చారట, పుట్టినవాళ్ళు వాటిల్లోంచి పోయారట. అందుకని ఇప్పుడు బయటిదేశపు విద్యార్థి ఒకడు ఏటా వచ్చి, కళ్ళారా చూసి, సిరాతో రాస్తేనే ఇక్కడి ఆఫీసు జాబితాలో ఒక పాత చోటు ఉన్నట్టు. ఊళ్ళోవాళ్ళు రాస్తే చెల్లదు. ఎవరి తాత వాళ్ళకు గొప్ప కదా మరి! ఈ నగరంలో నాలుగు చోట్లు పదేళ్ళపాటు మా కాలేజీ వంతు. ఇంకో నాలుగు కూడా మావే. అవి ఏటి అవతల ఉన్నాయి, అక్కడికి పైడిరాజు వెళ్ళాడు. వాడూ నాలాగే నింపుకొచ్చాడు.

చలికి ముక్కు ఉందో లేదో తెలియడం లేదు. రికార్డులో "మెట్లకు ఇరువైపులా కలిపి ఏడు సింహాలు" అని ఉంది. నేను లెక్కపెట్టలేదు. అక్క లెక్కపెట్టే ఉంటుంది.

ముద్ర పడింది.

ఉదయం 10.05. రెండో చోటు: గడియారం బురుజు

ఇక్కడ కాస్త ఇరుక్కున్నాను. "ముట్టడి మొదలైన రోజున ఆగిన గడియారం ఇప్పటికీ నాలుగూ ఇరవై దగ్గరే నిలిచి ఉంది. చూస్తుంటే నా కళ్ళు చెమర్చాయి" అని అక్క రాసింది, నేనూ రాశాను. తీరా తలెత్తి చూస్తే ముల్లు పది దాటి నడుస్తోంది. అది గంట కొడితే కూర్చున్నవాణ్ణి ఉలిక్కిపడ్డాను.

దారిన పోయే ముసలాయన్ని అడిగాను. నా చెవిలోని మాటపూస ఆయన భాషను పాతకాలపు రేడియో వార్తల తెలుగులోకి మార్చి చెబుతుంది. "ఈ గడియారమును బాగుచేసి ఆరు సంవత్సరములైనది" అంది పూస.

ఆరేళ్ళు. అక్క వచ్చింది నిరుడు. అంటే అక్క కూడా చూడలేదన్నమాట. ఆ పైవాళ్ళూ చూడలేదు. నాకు నవ్వాగలేదు. చెమర్చిన ఆ కళ్ళు ఎవరివో, ఏ తరం సీనియర్‌వో! ఆ ఒక్క వాక్యం మార్చుకున్నాను. కళ్ళు చెమర్చడం మాత్రం అలాగే ఉంచాను, కొట్టివేతలు ఎక్కువైతే బాగుండదని.

ముద్ర పడింది. మూడోది తొందరగా అయిపోతే, నాలుగోదానికి ముందు మంచు మీద జారుడుబండి ఎక్కొచ్చని పైడిరాజు చెప్పాడు.

మధ్యాహ్నం 12.15. మూడో చోటు: రొట్టెల గోడ

ఇది ఒక పాత రొట్టెల బట్టీ వెనక పెరడు. ఒక గోడ, దానికి ఎదురుగా ఒక బల్ల. ముట్టడి చలికాలంలో కాగితం దొరక్క, రొట్టె తీసుకున్న ప్రతి మనిషీ తడి సున్నంలో ఒకసారి బొటనవేలు ఒత్తి, పక్కన పుల్లతో పేరు గీశారట. "మొత్తం రెండు వందల పద్నాలుగు వేలిముద్రలు. కుడివైపు కింది మూలలో గొట్టం తప్ప ఏమీ లేదు" అని నా రికార్డు.

ఇక్కడి కాపరి డెబ్బై దాటిన ఆవిడ. పేరు ఇల్మా. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుంది. పుల్లటి వేడివేడి జావ ఒకటి గిన్నెలో పోసి ఇచ్చింది. అచ్చం మా ఇంట్లో అంబలి రుచే, ఉల్లిపాయ ఒక్కటే తక్కువ. నేను రాసి ముగించేదాకా కాపరి గోడ గురించి ఒక్క మాట మాట్లాడకూడదు, వేలు పెట్టి చూపకూడదు. అది నియమం. అందుకని ఆవిడ నోరు మెదపకుండా చీపురు పట్టుకుని తిరుగుతోంది.

పదిహేను నిమిషాలైంది. ఇల్మా ఒక్క చోటే తుడుస్తోంది. కుడివైపు కింది మూల. తుడవడం, లేచి నిలబడడం, నన్ను చూడడం, మళ్ళీ వంగడం. పట్టపగలు అక్కడ ఒక దీపం కూడా తెచ్చి పెట్టింది. ముసలివాళ్ళ శుభ్రం ముసలివాళ్ళది.

ఇరవై నిమిషాలు. నేను రాస్తున్నకొద్దీ ఆవిడ ముఖం వెలిగిపోతోంది. పైటలాంటి గుడ్డతో కళ్ళు ఒత్తుకుంటోంది. నేను రాస్తున్నది అంబలి గురించని పాపం ఆవిడకేం తెలుసు! ఇంకో పది నిమిషాలు ఏం రాయాలి? మా హాస్టల్లో ఆదివారం కోడికూర వండుతారు. నీళ్ళ పులుసులా ఉంటుంది గానీ బాగానే ఉంటుంది. పైడిరాజు రెండుసార్లు వడ్డించుకుంటాడు.

మధ్యాహ్నం 1.40. ట్రామ్ ఆగే చోట

రెండు ట్రామ్‌లు వెళ్ళిపోయాయి. ఎక్కలేదు.

ముద్ర వేసిన మరుక్షణం ఇల్మా నా పక్కన కూర్చుంది. ఇక మాట్లాడవచ్చు కదా. పూస ఆవిడ మాటలు చెప్పుకుపోయింది.

"మీరు ఆమెను చూచితిరా?"

ఎవర్ని అని అడగాలి కదా మనిషన్నవాడు. నేను అడగలేదు. నా నోటికి అలవాటైన మాట వచ్చేసింది. "సూసినానండి" అన్నాను.

"వ్రాసితిరా?"

"రాసినానండి."

ఆవిడ నా చేయి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. అప్పుడు చెప్పింది. అందరి ముద్రల కింద, చోటు మిగలక, కుడిమూలలో ఒత్తిన ముద్ర ఒకటుందట. వాళ్ళక్క నేలిది. పదహారేళ్ళ పిల్ల. బొటనవేలికి కత్తి తెగిన గాటు ఉండేది, ముద్రలోనూ ఆ గాటు అడ్డంగా పడింది. రొట్టె తెచ్చి చెల్లెలికి పెట్టి, మర్నాడు మళ్ళీ వెళ్ళి తిరిగి రాలేదు. ఆ పిల్ల ఈ లోకంలో ఉందనడానికి మిగిలింది ఆ ఒక్క ముద్రే. చాలాకాలం దాని మీద వేడినీళ్ళ గొట్టం ఉండేది. గొట్టం తీసేసి ఆరేళ్ళయింది.

ఆరేళ్ళు.

"గొట్టము తీసిన పిదప మీ కళాశాలవారు ఆరుగురు వచ్చిరి. ప్రతివారినీ అడిగితిని. చూచితిమి, వ్రాసితిమి అనియే చెప్పిరి. అయినను కార్యాలయపు జాబితాలో నేలి లేదు. కార్యాలయమున తెలుగు చదువువాడు నా కుమారుడు. వాడే ఆమెను మాయము చేయుచున్నాడు. ఆరు సంవత్సరములుగా వానిని నా గడప త్రొక్కనీయలేదు."

ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది. ఈ ఏడు కూడా మూలలో ఏమీ లేదని తేలితే వసంతంలో ఆ మూల కోసేసి కొత్త గొట్టాలు వేస్తారట. "కాని ఈసారి మీరు చేయి ఆపక వ్రాసితిరి. ఇంత ఎవ్వరునూ వ్రాయలేదు" అంది. నన్ను చూసి, చూసి, నుదుటి మీద ముద్దు పెట్టింది.

నేను దండం పెట్టి బయటికి వచ్చేశాను. లేచేటప్పుడైనా ఆ మూలకేసి ఒక్కసారి చూడొచ్చు కదా. చూడలేదు. చూస్తే ఇప్పుడే మొదటిసారి చూస్తున్నానని ఆవిడకు తెలిసిపోతుందని భయం వేసింది. అంత నీచుణ్ణి నేను.

మధ్యాహ్నం 2.30. అక్కడే

పైడిరాజు వచ్చాడు. వాడికి నాలుగు ముద్రలూ పడిపోయాయి. చేతిలో జారుడుబండి టికెట్లు.

"ఏట్రా తవుడూ, ముకం అలా ఏలాడేసుకున్నావేటి?"

చెప్పాను. వాడు బూటుతో మంచు తన్నాడు.

"ఆవిడికి తెలుగు రాదు కదరా. ఏటి సదువుద్ది?" అన్నాడు.

"ఆవిడ కొడుక్కొచ్చురా. ఆరేళ్ళబట్టీ ఆడే మాయం సేస్తన్నాడనుకుంటంది. కన్నకొడుకుని ఇంట్లోకి రానివ్వట్లేదు. మన మూలాన."

"మన మూలానేటి? నువ్వొచ్చింది ఇయ్యాల."

"నా సెయ్యట్టుకున్నాదిరా. సూసినానని సెప్పీసినాను."

ముద్ర పడిన సాక్ష్యాన్ని చించకూడదు, దిద్దకూడదు. కొట్టేయడానికి ఒకటే దారి ఉంది. ఆ చోటు కాపరి ఎదుట నిలబడి, ఇది అబద్ధం, నేను చూడలేదు అని నోటితో చెప్పాలి. అప్పుడు మళ్ళీ అరగంట కూర్చుని కొత్తగా రాయొచ్చు. ఆఫీసు ఆరింటికి మూసేస్తారు. పొద్దు నాలుగున్నరకే వాలిపోతుంది.

"ఒరే, నువ్వెల్లి ఒప్పుకుంటే నీ ఒక్కడితో పోద్దేటి?" అన్నాడు పైడిరాజు. వాడి గొంతులో కోపం కాదు, భయం. "గౌరీశ్వరక్కది, ఆల్ల ముందోల్లది, అందరి రికార్డులూ తీసి సూత్తారు. అక్క ఇప్పుడు బళ్ళో పంతులమ్మ. ఆ ఉజ్జోగం ఏటవుద్ది? నా సదువేటవుద్ది? ఇంటికాడ మీ యమ్మకేటి సెప్తావు?"

నిజం చెప్పాలంటే నేనూ అవే అడుగుతున్నాను నన్ను. ఆవిడ నా చేయి పట్టుకోకపోతే ఇది తప్పని నాకు తోచేదా? పొద్దున గడియారం దగ్గర నాకు నవ్వొచ్చింది. అది తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది.

వాడు ఒక టికెట్ నా చేతిలో పెట్టి, "బాగా ఆలోసించుకో" అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం 3.10. నాలుగో చోటు: చెక్క వంతెన

ముందు ఇక్కడికే వచ్చాను. పిరికితనం. ఇది కూడా నా వంతే కదా, ఇది ముగించి వెళ్తానని నాకు నేనే చెప్పుకున్నాను.

రికార్డులో ఈ పేజీకి ఇంకా ముద్ర పడలేదు. అడ్డంగా గీత కొట్టేశాను. వెనక పేజీలో కొత్తగా రాయడానికి కూర్చున్నాను. ఏం రాయాలో అసలు తెలియలేదు. చూడడమంటే ఏమిటో ఇన్నేళ్ళ చదువులో నాకెవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు. పది నిమిషాలకు ఒక వాక్యం వచ్చింది: "మూడో పలక మిగతావాటికంటే కొత్తది." ఇంకాసేపటికి మరొకటి: "ఎడమవైపు చేతిపట్టు జనం చేయి వేసి వేసి నున్నబడింది, కుడివైపుది నున్నబడలేదు." ఎందుకో తెలియదు. తెలియదని కూడా రాశాను.

అరగంట గడిచింది. పేజీలో ఆరు వాక్యాలు. కాపరి వాటిని చూసి, ఇంతేనా అన్నట్టు పెదవి విరిచి ముద్ర వేశాడు. ఇవాళ నాకు న్యాయంగా వచ్చిన ముద్ర ఇదొక్కటే.

ఇప్పుడు వెళ్తున్నాను.

సాయంత్రం 4.55. మళ్ళీ రొట్టెల గోడ

అయిపోయింది. బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. వెలుతురు పోయింది, మూలలో ఆ దీపం మాత్రం ఉంది.

ఇల్మా నన్ను చూసి, ఏదో మరిచిపోయాననుకుని బల్ల కింద వెతికింది. నేను రికార్డు తెరిచి, ముద్ర పడిన పేజీ చూపించి, ట్రామ్‌లో వల్లె వేసుకుంటూ వచ్చిన మాటలన్నీ మరిచిపోయాను. చివరికి ఇలా అన్నాను:

"అమ్మా, ఇది అబద్దం. నాను సూడలేదు. ఇక్కడికి రాకముందే రాసీసుకున్నాను."

పూస దాన్ని ఆవిడ భాషలోకి మార్చడానికి పట్టిన ఆ రెండు క్షణాలు నాకు చాలా పెద్దవి.

ఆవిడ పేజీ మీది తన ముద్రను చూసి అడిగింది. పూస మొదటిసారి నన్ను 'నువ్వు' అంది.

"నువ్వు ఒక్కడవేనా? లేక ఆరుగురునూనా?"

అబద్ధం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. ఒక్కణ్ణే అంటే అక్క ఉద్యోగం ఉంటుంది, పైడిరాజు చదువు ఉంటుంది. కానీ ఆవిడ కొడుకు దొంగగానే ఉండిపోతాడు.

"అందరమూనమ్మా. ఆరేళ్ళూ ఎవులూ సూడలేదు."

ఇల్మా గోడకు చేయి ఆనించి నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చినా బాగుండేది. "అయితే మావాడు..." అంది, అక్కడే ఆగిపోయింది. తర్వాత లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఈసారి జావ లేదు.

నేను అరగంట కూర్చోలేదు. గంట సేపు మోకాళ్ళ మీద పాక్కుంటూ లెక్కపెట్టాను. రెండు వందల పదిహేను. రెండుసార్లు లెక్కపెట్టాను. నేలి ముద్ర నా చిటికెన వేలంత ఉంది. గాటు అడ్డంగా కాదు, కాస్త ఏటవాలుగా ఉంది. నలభై ఎనిమిది మంది ఎడమచేతి బొటనవేలు ఒత్తారు. ఒకరు తమ పేరు రెండుసార్లు గీసుకున్నారు. ఇదంతా పొద్దున్న కూడా ఇక్కడే ఉంది. నేను కోడికూర గురించి రాసుకుంటున్నప్పుడు నాకు ఎనిమిదడుగుల దూరంలో ఉంది.

పాత పేజీ కొట్టేసి కొత్త పేజీ చూపించడానికి తలుపు తట్టాను. ఇల్మా వచ్చి ముద్ర వేసింది. ముఖం వైపు చూడలేదు. గుడ్డలో చుట్టిన ఒక రొట్టె చేతికిచ్చింది. నాకేననుకుని, సిగ్గు లేకుండా దండం పెట్టబోయాను.

"నీకు కాదు. అక్కడ చదువువానికి ఇవ్వు" అంది పూస.

సాయంత్రం 5.50. ఆఫీసు మెట్ల మీద

ఇల్మా కొడుక్కి యాభై ఏళ్ళుంటాయి. జుట్టు నెరిసింది. తెలుగు పుస్తకాలు చూసి నేర్చుకున్న తెలుగు. పూస అక్కర్లేకుండా మాట్లాడాడు. కొట్టేసిన పేజీ చదివాడు, కొత్త పేజీ చదివాడు. "రెండు వందల పదిహేను" దగ్గర వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు.

"మా అమ్మకు చెప్పారా?"

"సెప్పినానండి. అందరి సంగతీ."

రొట్టె ఇచ్చాను. గుడ్డ విప్పలేదు. దాని మీద చేయి వేసి కూర్చున్నాడు.

"ఆరేళ్ళుగా నాకు అనుమానమే" అన్నాడు. "బాగుచేశాక కూడా మీ ముందువాళ్ళ రికార్డులన్నిటిలోనూ గడియారం ఆగే ఉంది. పైవాళ్ళకు రాశాను. ఊళ్ళోవాడి మాట చెల్లదన్నారు. అందులోనూ నేలి నాకు పెద్దమ్మ."

తర్వాత నియమాలు చెప్పాడు. ఒకసారి అబద్ధం రాసి కొట్టేసినవాడి రాత ఒక్కటే చాలదు. మూల కోయడం ఒక ఏడాది ఆపుతారు. వచ్చే ఏడు కొత్త సాక్షి వచ్చి, తనంతట తాను ఆ ముద్ర చూసి రాస్తే నేలి జాబితాలోకి వస్తుంది. రాయకపోతే కోసేస్తారు. మా కాలేజీకి ఉత్తరం వెళ్తుంది. నా పేరు సాక్షుల పట్టీలోంచి తీసేస్తారు. వెళ్ళేముందు, రేపు సింహాల మెట్ల దగ్గరా గడియారం దగ్గరా కాపరుల ఎదుట నిలబడి ఆ రెండు పేజీలూ నేనే కొట్టేయాలి.

"సింహాలు ఎన్ని?" అని అడిగాడు.

"తెలీదండి" అన్నాను.

నాకంటే ముందే కోటు వేసుకుని, రొట్టె చంకలో పెట్టుకుని బయటికి వెళ్ళాడు. ట్రామ్ కోసం కూడా ఆగలేదు. రొట్టెల గోడ వైపే నడిచాడు.

రాత్రి 7.30. బస

పైడిరాజు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాతో మాట్లాడడం లేదు. ఇందాక ఒక్కసారి మాత్రం, ఇటు తిరక్కుండానే, "రేపు నానూ ఏటి అవతలకెల్తాను. ముందు ఎల్లి ఏటున్నాదో సూడాలి కదా" అన్నాడు. గౌరీశ్వరి అక్కకు అంతా రాసి పంపాను. చూసింది. జవాబు లేదు.

కాలేజీ నుంచి మణెమ్మ రాసింది. రెండో ఏడు పిల్ల, చురుకైనది. "తవుడన్నయ్యా! వచ్చే ఏడు తెర్నాకి నా పేరు వచ్చింది. నీ రికార్డు పంపవా? ఇప్పట్నుంచే ఎక్కించుకుంటాను."

గంటసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. రికార్డు పంపితే చాలు. మణెమ్మ అందమైన రాతతో రెండు వందల పదిహేను అని దించేస్తుంది. గాటు ఏటవాలుగా ఉందని కూడా రాస్తుంది. గోడ వైపు తలెత్తకపోయినా నేలి జాబితాలోకి వచ్చేస్తుంది. పంపకపోతే ఏమవుతుందో ఎవరికి తెలుసు? ఆ పిల్ల కూడా అరగంటసేపు కోడికూర గురించి రాసుకోవచ్చు.

"రొట్టెల గోడ దగ్గర కుడివైపు కింద" అని రాశాను. అది కూడా చూపించడమే. ఇల్మా ఆరేళ్ళు చీపురు పట్టుకుని తిరిగింది గానీ వేలు పెట్టి చూపలేదు. చెరిపేశాను.

చివరికి పంపింది ఇది:

"రికార్డు లేదమ్మా. చేతికి మందపాటి తొడుగులు తెచ్చుకో. చలికి పెన్ను ఆగిపోతుంది, ఇంకోటి పెట్టుకో. మూడో చోట ఒక పెద్దావిడ జావ ఇస్తుంది. తాగేశాక, ఆవిడ ఏం చేస్తోందో చూడు."

పంపేశాక చదువుకుంటే ఆఖరి మాట కూడా ఎక్కువేమో అనిపించింది. మణెమ్మ అప్పుడే చూసేసింది.

"రికార్డు లేకపోతే ఎలా అన్నయ్యా? మరి ఏం రాయాలి?" అని అడుగుతోంది.